గోడ మీద వార్సా పాతబస్తీ

నేను టూవూంబాలోని ఒక వృద్ధుల హోమ్‌లో నర్సుగా చేరిన రెండో ఏట, పద్నాలుగో గదిలో ఉండే పోలెండు ముసలావిడ చనిపోయింది. ఆవిడ చావులో నా చెయ్యి ఉంది. ఆ చెయ్యి చేసింది చిన్న పనే, రిమోట్ మీద ఒక బటన్ నొక్కింది. ఈ సంగతి ముందే చెప్పుకోకపోతే మిగతాది రాయలేను.

మాది కర్నూలు. మా ఆయనకు ఇక్కడి యూనివర్సిటీలో ఉద్యోగం వస్తే వెంట వచ్చాను. టూవూంబా కొండ మీది ఊరు. చలికాలం సాయంత్రాలు లోయలోంచి పొగమంచు ఎక్కి వచ్చి, వీధి దీపాలు వెలగకముందే ఎదుటి ఇల్లు కనపడకుండా చేస్తుంది. మా హోమ్‌లో మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు వెనకవైపు విడిగా ఒక వింగ్ ఉంది. దాని తలుపుకు నంబర్ల తాళం. నా డ్యూటీ ఎక్కువగా అక్కడే పడేది.

ఆవిడకు ఎనభై ఎనిమిదేళ్లు. యుద్ధం అయిపోయాక శరణార్థుల ఓడలో ఈ దేశానికి వచ్చి, బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టి, పెళ్లి చేసుకుని, ఒక కొడుకును పెంచింది. భర్త పోయి చాలా కాలమైంది. కుడి మడమ పైన మానని పుండు ఒకటి ఉండేది. రోజూ ఉదయం దానికి కట్టు మార్చడం నా పని. అరగంట పట్టేది. అందరూ ఆవిడను పేరుతో పిలిచేవారు. ఇక్కడి పద్ధతి అది. నాకు నోరు రాక "అమ్మా" అనేదాన్ని. ఆవిడ దానికీ పలికేది.

కొడుకు బ్రిస్బేన్‌లో ఉండేవాడు. అరవై దాటిన మనిషి. ప్రతి ఆదివారం గంటన్నర కారు నడుపుకుంటూ వచ్చి, తల్లి పక్కన కూర్చుని ఆపిల్ ముక్కలు కోసి పెట్టేవాడు. ఆ ఏడాది సెలవు పెట్టి మొదటిసారి తల్లి పుట్టిన వార్సా చూసి వచ్చాడు. అక్కడి పాతబస్తీలో తను తీసిన ఫొటో ఒకటి పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ఆవిడ మంచానికి ఎదురుగా గోడకు తగిలించాడు. మార్కెట్ చౌక్‌లో ఒక వరస ఇళ్లు. నాలుగేసి అంతస్తులు, ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఇటుక రంగు, కిటికీల కింద పూలకుండీలు. దానితోపాటు ఆ పాతబస్తీ అంతా నడుస్తూ ఎవరో తీసిన వీడియో కూడా ఆవిడ టీవీలో ఎక్కించి వెళ్లాడు.

"చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు అడిగినా, అక్కడేమీ లేదు అనేది సిస్టర్," అన్నాడు నాతో. "ఇంత అందమైన ఊరు పెట్టుకుని ఏమీ లేదంటుంది. ఇప్పటికైనా కళ్లారా చూసుకోనీ."

మర్నాడు పొద్దున కట్టు మార్చడానికి వెళ్తే ఫొటో గోడవైపు తిరిగి ఉంది. ఎవరో తుడిచేటప్పుడు తిప్పారనుకుని సరిచేశాను. ఆ మరుసటి రోజూ అంతే. ఆవిడే పక్కనున్న కుర్చీ ఎక్కి తిప్పుతోందని తెలిశాక మేనేజర్ ఫొటోను గోడకు స్క్రూలతో బిగించేయించింది. కుర్చీ ఎక్కి పడిపోతుందని భయం. పైగా ఆవిడను ఎలా చూసుకోవాలో రాసి ఉంచే కేర్ ప్లాన్‌లో కొడుకు చెప్పి రాయించిన వాక్యం ఉంది. సాయంత్రం కలవరపడితే సొంత ఊరి దృశ్యాలు చూపించాలి, నెమ్మదిస్తారు.

ఈ జబ్బులో సాయంత్రం చెడ్డ వేళ. పొద్దు వాలేసరికి చాలామంది తలుపుల దగ్గర తచ్చాడుతారు. ఆవిడా అంతే. అప్పుడు నాతో పనిచేసే వరంగల్ అక్క, నాకంటే నాలుగేళ్లు పెద్ద, వీడియో పెట్టేసేది.

"పెట్టేయ్ చెల్లె, డ్యూటీ హ్యాండోవర్ అయ్యేదాంక కూసుంటది. చూడు, ఎట్ల చూస్తున్నదో. కండ్లల్ల నీళ్లు గూడ వస్తున్నయి పాపం, ఊరు గుర్తుకొచ్చి."

నిజంగానే కదలకుండా కూర్చునేది. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, రెప్ప వేయకుండా. నేను కూడా చాలా రోజులు అది ఊరి మీద బెంగే అనుకున్నాను.

ఆ వీడియో నాకు నోటికి వచ్చేసింది. మొదట కోట ముందరి పెద్ద చౌరస్తా. మధ్యలో ఎత్తయిన రాతి స్తంభం, దాని మీద ఒక చేత శిలువ, ఒక చేత కత్తి పట్టుకున్న రాజు. మూడో నిమిషంలో గడియారపు బురుజుతో రాజుల కోట. తర్వాత ఇరుకు వీధి, ఏడో నిమిషంలో నిటారుగా ఉన్న ఇటుకల పెద్ద చర్చి. పన్నెండో నిమిషంలో వీధి తెరుచుకుని మార్కెట్ చౌక్ వస్తుంది. నడుమ కత్తీ డాలూ పట్టిన మత్స్యకన్య విగ్రహం. ఆ తర్వాత కోటగోడ, గుండ్రటి ఇటుక ద్వారం, చివర్న నది.

ఒకరోజు పొద్దున కట్టు విప్పుతుంటే ఆవిడ ఆ ఫొటో వైపు గడ్డం ఎత్తి చూపించింది. పొద్దుటిపూట ఆవిడకు తెలివి బాగానే ఉండేది. ఇంగ్లిష్ కూడా ముక్కలు ముక్కలుగా అయినా వచ్చేది.

"సిస్టర్, అవి అన్నీ చచ్చిపోయాయి," అంది.

"ఎవరమ్మా?"

"ఇళ్లు. నేను చూశాను. రాజు స్తంభం విరిగి రోడ్డు మీద పడుకుని ఉంది. మమ్మల్ని దాని పక్కనుంచే తోలుకుపోయారు. చర్చి లోపల తుపాకులతో కాల్చుకున్నారు, బల్లల వెనక ఇటువాళ్లు, అటువాళ్లు. ఇవన్నీ ఎవరు లేపి నిలబెట్టారు?"

ఆ రాత్రి ఇంటికి వెళ్లి చదివాను. యుద్ధంలో ఆ పాతబస్తీ దాదాపు నేలమట్టమైంది. యుద్ధం అయ్యాక పాత చిత్రపటాలూ కొలతల కాగితాలూ ముందు పెట్టుకుని, ఎక్కడి గోడ అక్కడ, ఎక్కడి కిటికీ అక్కడ మళ్లీ కట్టుకున్నారు. ప్రపంచమంతా వచ్చి మెచ్చుకునే పని. ఆవిడ మాత్రం తొమ్మిదేళ్లప్పుడు ఇటుకల కుప్పను చూసి వెళ్లిపోయింది. తిరిగి ఒక్కసారీ వెళ్లలేదు.

తర్వాత రోజు ఈ సంగతి ఆవిడకు చెప్పాను. "మళ్లీ కట్టారమ్మా. ఇవి కొత్తవి."

ఆవిడ ఆలోచించింది. "అవును," అంది. "టీవీలో ఆ చేపపిల్ల మా రోజుల్లో లేదు. మేము అక్కడ ఆడుకునేవాళ్లం. అక్కడ ఏ విగ్రహమూ లేదు. ఇటుక ద్వారం కూడా ఇట్లా లేదు, దాన్ని ఇళ్లు కప్పేసి ఉండేవి."

నేను ఇంటర్నెట్‌లో చూస్తే అది నిజమే. ఆ మత్స్యకన్యను ఆవిడ పుట్టకముందే అక్కణ్ణుంచి తీసేశారట. ఆవిడ ఇక్కడ ముసలిదయ్యాక తిరిగి తెచ్చి పెట్టారు. కొడుకు తీసిన ఫొటోలో ఆ విగ్రహం పడలేదు. ఇళ్ల వరస ఒక్కటే ఉంది.

ఆ వారంలోనే మిగతాది చెప్పింది. ఒక్క రోజులో కాదు. కట్టు మార్చే అరగంటల్లో, రోజుకు కొంచెం.

ఫొటోలో మూలనుంచి మూడో ఇల్లు, పసుపు రంగుది, వాళ్లు ఉన్న ఇల్లు. బాంబులు పడే రోజుల్లో అందరూ ఇళ్ల కింద నేలమాళిగల్లో ఉండేవారు. తండ్రి అంతకుముందే లేడు. తల్లి, నాలుగేళ్ల చెల్లెలు, ఈవిడ. ఒకరోజు తల్లి బకెట్ ఇచ్చి నీళ్లకు పంపింది. బావి దగ్గర జనం బారు కట్టి ఉన్నారు. విమానాలు వచ్చాయి. తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు, కుప్ప ఉంది.

"బకెట్ కింద పెట్టి రాయి తీసుకుని కొట్టాను," అంది ఆవిడ. "లోపలినుంచి తిరిగి కొట్టారు. నేను మూడుసార్లు, వాళ్లు మూడుసార్లు. పెద్దవాళ్లు కొంతసేపు తవ్వారు. మళ్లీ విమానాలు. నన్ను లాక్కుపోయారు. పొద్దున వచ్చి కొట్టాను. ఎవరూ కొట్టలేదు."

నేను కట్టు చుడుతూ తల ఎత్తలేదు.

"మీ అబ్బాయికి తెలుసా అమ్మా?"

"వాడికి ఎందుకు? వాడు మంచి పిల్లవాడు. ఎండలో పుట్టాడు."

అప్పుడు అర్థమైంది సాయంత్రం ఏం జరుగుతోందో. పొద్దున ఆవిడకు ఆ ఇల్లు కూలిందని తెలుసు. పొద్దు వాలాక ఆ తెలివి జారిపోయేది. ఎదుట గోడ మీద ఇల్లు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఇల్లు నిలబడి ఉంటే విమానాలు ఇంకా రాలేదన్నమాట. అమ్మా చెల్లెలూ కింద ఉన్నారన్నమాట. వెళ్లి పైకి పిలవాలి. అందుకే తలుపు దగ్గరికి పోయేది.

నాకిది అంత తొందరగా తట్టడానికి కారణం ఉంది. మా అమ్మ. రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర మా కర్నూలు పాతబస్తీలోకి వచ్చినప్పుడు మా ఇంట్లో మేడ మెట్ల దాకా నీళ్లు నిలిచాయి. పక్కింటి పెద్దమ్మ మంచం మీదనుంచి లేవలేనిది, ఆమె గదిలోనే పోయింది. బురద ఎత్తించి, గోడలకు కొత్త ప్లాస్టరింగ్ చేయించి, రంగులు వేయించాక అమ్మను తీసుకొస్తే గడప దగ్గరే నిలబడిపోయింది. "రంగు కొడితే నీళ్లు రాలేదనుకోవాల్నా? నాకు యాడ చూసినా ఆ నీళ్లే కనపడ్తాండాయి," అంది. బాగుపడిన ఇల్లే ఆమెను ఎక్కువ భయపెట్టింది. కూలిపోయి ఉంటే ఏడ్చి ఊరుకునేదేమో.

నేను మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఫొటో తీసేద్దాం, వీడియో ఆపేద్దాం అన్నాను. ఆమె చెడ్డ మనిషి కాదు. ఓపిగ్గా విన్నది.

"కేర్ ప్లాన్ మార్చాలంటే కుటుంబంతో మాట్లాడాలి," అంది. "నువ్వే కొడుకుతో చెబుతావా? ఆదివారం వస్తాడుగా."

ఆదివారం వచ్చాడు. తల్లికి శాలువా తెచ్చాడు. ఫొటోకున్న దుమ్ము తన రుమాలుతో తుడిచాడు. నేను చెప్పలేకపోయాను. వాడికి ఎందుకు అన్న ఆవిడ మాట అడ్డం వచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆయన మొహం చూస్తూ చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు నాకు సెలవు. ఆ తర్వాతిది కూడా ఏదో పనిలో పడి దాటేశాను.

దానికి బదులు ఒక ఉపాయం పట్టుకున్నాను. వరంగల్ అక్క వీడియో పెట్టిన సాయంత్రాల్లో, పన్నెండో నిమిషానికి ఎక్కడున్నా వచ్చి ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చునేదాన్ని. "అటు చూడమ్మా, చేపపిల్ల. మీ రోజుల్లో ఉందా?" ఆవిడ చూసేది. "లేదు," అనేది. "అంటే ఇది తర్వాతిది." "అవునమ్మా, తర్వాతిది." అప్పుడు కుర్చీ చేతుల మీద పట్టు సడలేది. ఆ తర్వాత ఏడ్చేది. కానీ తలుపు దగ్గరికి పోయేది కాదు.

జులైలో ఒక గురువారం, ఇద్దరు డ్యూటీకి రాలేదు. వరంగల్ అక్కకూ జ్వరం. వింగ్ మొత్తానికి నేనూ, భోజనాల గదిలో ఉన్న ఇంకో ఆమే. నాలుగున్నర దాటాక ఆవిడ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని తలుపు నెడుతోంది. అదే సమయంలో చివరి గది బాత్రూంలో ఒక పెద్దాయన పడ్డ చప్పుడు వినిపించింది. నేను ఆవిడను గదిలోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ లేచింది. మళ్లీ కూర్చోబెట్టాను. ఇంకేం చెయ్యాలో తోచక వీడియో పెట్టాను. తెర మీద రాజు స్తంభం వచ్చింది. ఆవిడ కదలకుండా అయిపోయింది. పన్నెండు నిమిషాలు ఉన్నాయి, ఈలోగా వచ్చేస్తాననుకున్నాను.

పెద్దాయన తల పగిలి రక్తం పోతోంది. అంబులెన్సుకు ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా తల పట్టుకుని కూర్చుని, కాగితాలు ఇచ్చి పంపేసరికి ముప్పావు గంట అయింది. తిరిగి వచ్చేసరికి వీడియో అయిపోయి టీవీలో నది దగ్గర ఆగి ఉంది. కుర్చీ ఖాళీ.

ఎవరినో చూడడానికి వచ్చిన కుటుంబం వెళ్లిపోతూ ఆవిడ కోసం తలుపు పట్టుకుని నిలబడిందట. కోటూ టోపీ చూసి ఆవిడా తమలాగా వచ్చిపోయే మనిషే అనుకున్నారు. ఆవిడ మంచి ఇంగ్లిష్‌లో థాంక్యూ కూడా చెప్పిందట.

బయట పొగమంచు కమ్మేసి ఉంది. పోలీసులకు చెప్పి, టార్చిలు పట్టుకుని వీధుల్లో పడ్డాం. ఆరు దాటాక ఫోన్ వచ్చింది. రెండు వీధుల అవతల ఒక పాత కొయ్య ఇల్లు. ఇక్కడి పాత ఇళ్లు పొట్టి స్తంభాల మీద నిలబెట్టి ఉంటాయి. నేలకూ ఇంటికీ మధ్య మనిషి వంగి దూరేంత ఖాళీ ఉంటుంది, చుట్టూ చెక్కల జాలీ కట్టి. ఆ ఇంటావిడ వంట చేసుకుంటుంటే కాళ్ల కింద టకటకమని చప్పుడైందట. పిల్లి అంత ఉండే పాసమ్ జంతువేదో దూరిందనుకుంది. ఆగి ఆగి మూడేసి దెబ్బలు వినపడుతుంటే భర్తను పంపింది.

నేను వంగి లోపలికి వెళ్లాను. ఆవిడ తడి మట్టిలో కూర్చుని ఉంది. టోపీ లేదు, ఒక కాలికి చెప్పు లేదు, కట్టు ఊడి బురదలో ఉంది. చేతిలో రాయి. స్తంభం మీద మూడుసార్లు కొట్టి చెవి ఆనించింది.

"అమ్మా," అన్నాను.

ఆవిడ నోటిమీద వేలు పెట్టుకుంది. "తిరిగి కొడుతున్నారు," అంది.

ఆ చలికి ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంది. కొడుకు సెలవు పెట్టి ఆ పదకొండు రోజులూ పక్కనే కూర్చున్నాడు. మధ్యమధ్య స్పృహ వచ్చి, నెమ్మదిగా మాట్లాడేదట. నేను రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పూలు ఇచ్చి వచ్చేశాను. సోమవారం పొద్దున పోయింది.

జరిగినదానికి నేను వాంగ్మూలం రాయాల్సి వచ్చింది. మేనేజర్ నా ఎదురుగా టీ పెట్టి, "జరిగింది రాయి. నీకు అనిపించింది రాయక్కర్లేదు," అంది. నేను సమయాలు రాశాను. కేర్ ప్లాన్ ప్రకారం వీడియో పెట్టాను అని రాశాను. ఆ వీడియో ఆవిడకు ఏం చేస్తుందో నాకు తెలుసని రాయలేదు. నా మీద ఏ చర్యా లేదు.

ఆ రోజు మా ఆయనతో చెప్పాను.

"నువ్వు కావాలని చేసినావా ఏమన్నా? షార్ట్ స్టాఫ్ ఉంటే నువ్వేం చేస్తావు," అన్నాడు.

"తెలిసీ చేసినా కదా."

ఆయన అన్నం పెట్టుకొచ్చి నా ముందు పెట్టాడు.

అంత్యక్రియలయ్యాక కొడుకు సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చాడు. స్క్రూలు విప్పి ఫొటో కిందికి దించుతుంటే నేను తలుపు మూసి, నిలబడే అంతా చెప్పాను. ఫొటో ఎందుకు తిప్పేదో, పసుపు ఇల్లు, నేలమాళిగ, మూడు దెబ్బలు, చేపపిల్ల, నేను దాటేసిన ఆదివారాలు, నొక్కిన బటన్.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "అమ్మకు చెల్లెలు ఉండేదా?" అన్నాడు.

"నాలుగేళ్ల పిల్లట."

"నేను ఆ చౌక్‌లో మధ్యాహ్నం భోజనం చేశాను," అన్నాడు. "ఆ ఇంటి ముందే. ఎండ బాగుందని ఆ వరస ఫొటో తీశాను." తర్వాత, "వీడియో ఎక్కించి ఇచ్చింది నేనే కదా," అన్నాడు. నన్ను క్షమించానని అనలేదు. నేనూ ఆ మాట ఆశించలేదు. పెట్టెలు కారు దాకా మోసి పెట్టాను.

ఆ మరుసటి ఏడు ఒక సాయంత్రం ఇంట్లో కూర తరుగుతుంటే ఫోన్ మోగింది. ఆయనే. వార్సా నుంచి మాట్లాడుతున్నానన్నాడు. అక్కడ పొద్దున్నట. ఆ పసుపు ఇంట్లో ఇప్పుడు హోటల్ నడుస్తోందట. పైన అంతా కొత్తగా కట్టిందే కానీ కింద నేలమాళిగ మాత్రం అసలుదేనని, వందల ఏళ్ల నాటి ఇటుకలని హోటల్ వాళ్లు గొప్పగా చెప్పారట. కింద కూడా బల్లలు వేశారు, చూసి రండి అన్నారట.

"ఐదు మెట్లు దిగాను సిస్టర్. కింద జనం సూప్ తాగుతున్నారు. ఇక దిగలేకపోయాను."

నేను కత్తి పక్కన పెట్టాను.

"అమ్మ సమాధి రాయి మీద వాళ్ల పేర్లు కూడా చెక్కిద్దామనుకుంటున్నాను," అన్నాడు. "అమ్మమ్మ పేరు అమ్మ కాగితాల్లో ఉంది. ఆ పిల్ల పేరు ఎక్కడా లేదు. మీకేమైనా చెప్పిందా?"

"లేదు. చిన్నది అనేది, అంతే. నేను అడగలేదు."

"పదకొండు రోజులు పక్కనే కూర్చున్నాను," అన్నాడు ఆయన. "తెలిసుంటే అడిగేవాణ్ణి."

అది నిష్ఠూరంగా అన్నట్టు లేదు. ఉన్నమాట చెప్పినట్టే ఉంది. ఆయన వెనక ఎక్కడో చర్చి గంటలు మోగుతున్నాయి. అవి ఆగేదాకా ఇద్దరం ఫోన్ పట్టుకునే ఉన్నాం.